పంజాబ్ పొలాల మంటలు నిజంగా 94 శాతం తగ్గాయా?

వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న పోస్టు సారాంశం ఇది: “పంజాబ్‌లో వరి కొయ్యకాళ్ల మంటలు 2020లో 83,002. 2025లో 5,114 మాత్రమే. అంటే 94 శాతం తగ్గాయి. మ్యాపులో ఒక చుక్క అంటే ఒక పొలం. ఉపగ్రహం కళ్లుగప్పి ఎవరూ కాల్చలేరు. ఇక ఢిల్లీ పొగకూ పొలాలకూ సంబంధం లేదు.” అంకెలు రెండూ సర్కారు లెక్కల్లోవే. వాటి మీద కట్టిన వాదన మాత్రం నిలబడదు.

“ఉపగ్రహం కళ్లుగప్పి కాల్చలేరు.” అసలు తప్పంతా ఇక్కడే ఉంది. ఈ లెక్క ప్రధానంగా ఆధారపడేది సువోమి ఎన్‌పీపీ, ఆక్వా, టెర్రా లాంటి ఉపగ్రహాల మీద. ఇవి ధ్రువాల మీదుగా తిరుగుతూ ఒక్కో చోటిని పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చూసి వెళ్లిపోతాయి. వీటిలో సువోమి పంజాబ్ మీదికి వచ్చేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, మళ్లీ రాత్రి ఒకటిన్నరకు. సాయంత్రం నాలుగింటికి అంటించిన ఎండుగడ్డి చీకటి పడేలోపే బూడిదవుతుంది. రాత్రి వచ్చే ఉపగ్రహానికి అక్కడ వేడి కనిపించదు, మంటల మ్యాపులో చుక్క పడదు, లెక్కలోకి రాదు.

ఇది ఊహ కాదు. దక్షిణ కొరియా ఉపగ్రహం జియో-కాంప్‌శాట్-2ఏ ఒకేచోట నిలిచి పది నిమిషాలకో ఫొటో తీస్తుంది. ఆ ఫొటోల్లో మధ్యాహ్నం దాటాక పొగ దట్టమవడం చూసి, నాసా శాస్త్రవేత్త హిరేన్ జేత్వా 2024లోనే ఈ సంగతి బయటపెట్టారు. యూరప్ వాళ్ల మెటియోశాట్ పావుగంటకోసారి పంపే సమాచారాన్ని ఐఫారెస్ట్ అనే పర్యావరణ పరిశోధన సంస్థ పరిశీలించింది. పంజాబ్‌లో పెద్ద మంటల్లో మధ్యాహ్నం మూడు తర్వాత అంటుకున్నవి 2021లో 3 శాతమే. 2024, 2025లో 90 శాతం పైనే! మెటియోశాట్‌కు చిన్న మంటలు ఆనవు కాబట్టి ఇది పెద్దవాటి సంగతే.

రైతు వేళ మార్చుకోవడంలో వింతేముంది? 2024 నవంబరులో జరిమానాలు రెట్టింపయ్యాయి. అయిదెకరాలు దాటితే 30,000 రూపాయలు. వరి కోతకూ గోధుమ విత్తడానికీ మధ్య దొరికేది రెండు మూడు వారాలు. గడ్డిని కలియదున్నే యంత్రం అందరికీ ఆ గడువులో అందదు. అతన్ని దొంగను చేసి మాట్లాడటం నాకు నచ్చదు.

“ఒక చుక్క అంటే ఒక పొలం.” కాదు. సువోమిలో మంటల్ని పసిగట్టే విర్స్ పరికరం తీసే చిత్రంలో ఒక్కో గడి పొడవు, వెడల్పు 375 మీటర్లు, అంటే సుమారు 35 ఎకరాలు. అందులో ఒక మడి కాలినా చుక్కే, పది మళ్లు కాలినా చుక్కే.

అయితే ఏమీ తగ్గలేదా? తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. కాలిన నేల మర్నాడు కూడా నల్లగానే ఉంటుంది, వేళ మార్చినంత మాత్రాన దాక్కోదు. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం ఫొటోల్లో పది మీటర్ల వివరంతో ఆ మచ్చను కొలవొచ్చు. అలా కాలిన విస్తీర్ణం చూస్తే పంజాబ్, హర్యానాల్లో తగ్గుదల 25 నుంచి 35 శాతమని ఐఫారెస్ట్ తేల్చింది. యంత్రాలు కొన్నవాళ్ల కష్టం ఇందులో ఉంది. కానీ ఇది 94కు ఎంత దూరం!

“ఢిల్లీ పొగకూ పొలాలకూ సంబంధం లేదు.” 2024 నవంబరు 1న ఢిల్లీ పీఎం2.5లో, అంటే గాలిలోని అతి సన్నని ధూళి కణాల్లో, కొయ్యకాళ్ల పొగ వాటా 35 శాతం పైనే అని పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం కంప్యూటర్ నమూనా అంచనా. గాలి వాయవ్యం నుంచి వీచిన రోజు వాటా పెరుగుతుంది, దిశ మారితే పడిపోతుంది. మిగతా రోజుల్లో వాహనాలు, దుమ్ము, ఫ్యాక్టరీల వాటా ఎక్కువ. అందుకే నేరమంతా పంజాబ్‌దే అనే పోస్టులూ తప్పే.

ఈ పోస్టుతో పాటు తిరిగే ఉపగ్రహ ఫొటోలో తెల్లగా పరుచుకున్నదంతా పొగ అనుకోకండి, చాలావరకు పొగమంచు. పొగ బూడిద, గోధుమ రంగుల్లో ఉంటుంది. అనుమానం వస్తే సెంటినెల్-5పీ ఉపగ్రహం ఇచ్చే ఏరోసాల్ సూచీ (గాలిలో తేలే కణాల మ్యాపు) చూడండి. పొగ అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది, మంచు పీల్చుకోదు. అందుకే ఆ మ్యాపులో రెండూ విడివిడిగా తెలుస్తాయి.