పోయిన సొమ్ముకు పూచీ ఎవరిది?

ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రంలో వడ్లు తూకం వేయించి, లారీకెత్తించి, పైసలు ఎప్పుడు పడతాయా అని రోజుకు పదిసార్లు ఫోను చూసుకునే మిర్యాలగూడ రైతుకు ‘పీఎం కిసాన్ కొత్త జాబితా’ అంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోనులో యాప్‌ను దించే ఫైలు) వస్తుంది. తెలిసిన నంబరు నుంచి, ఊరి గ్రూపులోనే వచ్చింది కాబట్టి నొక్కుతాడు. కాసేపటికి అతని ఓటీపీలు ఇంకెవరికో చేరి ఖాతా ఖాళీ అవుతుంది. బ్యాంకుకు పరుగెత్తితే ‘నువ్వెందుకు నొక్కినవ్?’ అన్న ప్రశ్నే ముందు ఎదురవుతుంది. సైబర్ భద్రతపై మన చర్చ చాలాసార్లు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోవడం మాకు ఆందోళన కలిగిస్తోంది.

ఆ సొమ్ము పోవడానికి ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో ఎవరూ అడగరు. ఎవరి పేరుమీదో సిమ్ ఇచ్చిన దుకాణం ఉంది. కమీషన్ ఆశ చూపి విద్యార్థి పేరున తెరిపించిన ఖాతా ఉంది. ఎన్నడూ వేలు దాటని ఆ ఖాతాలోకి ఒక్కపూటలో లక్షలు వచ్చిపోతున్నా ఆపని బ్యాంకు ఉంది. ఇన్ని చోట్ల జరిగిన తప్పును ఒక్క రైతు వేలికొనకు అంటగట్టడం అన్యాయం.

వేలిముద్రల మోసం ఈ విషయాన్ని ఇంకా స్పష్టంగా చూపుతుంది. ఆధార్ ఆధారిత చెల్లింపుల్లో ఓటీపీ అక్కర్లేదు; ఆధార్ సంఖ్య, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. బ్యాంకు శాఖ లేని పల్లెల్లో పింఛను తీసుకునే వృద్ధులకు ఇది నిజంగా మేలు చేసింది, దీన్ని తీసేయమని మేము అనడం లేదు. అయితే భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల నకళ్ల నుంచి వేలిముద్రలు సేకరించి, వాటికి అచ్చులు పోసి ఖాతాలు ఊడ్చిన ముఠాలను తెలుగు రాష్ట్రాల పోలీసులే పట్టుకున్నారు. ఆ బాధితులు ఏ లింకూ నొక్కలేదు, ఎవరికీ ఏ సంఖ్యా చెప్పలేదు. ప్రభుత్వం అడిగిన కాగితం మీద వేలుముద్ర వేశారు, అంతే. వారికి ‘అప్రమత్తంగా ఉండండి’ అని చెప్పి ఏం ప్రయోజనం?

కాబట్టి మొదటి బాధ్యత పౌరుల సమాచారాన్ని సేకరించి తమ దగ్గర ఉంచుకున్నవారిదే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగినప్పుడు రోజుల తరబడి ఓపీ చీటీలు చేత్తో రాయాల్సి వచ్చింది. 2024లో మన తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచే పౌరుల వివరాలు చోరీ అయ్యాయి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో పార్లమెంటు చేసిన చట్టం భద్రతలో విఫలమైన సంస్థకు రూ.250 కోట్ల వరకు జరిమానా అంటోంది కానీ, తాను ఎంచుకున్న ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది. పౌరుల సమాచారం అందరికన్నా ఎక్కువగా పోగేసిన చేతికే మినహాయింపు దొరికే వీలుండటం మాకు సమ్మతం కాదు.

బ్యాంకుల విషయంలో నియమాలకు కొరత లేదు. ఇటు బ్యాంకు, అటు ఖాతాదారు ఇద్దరి తప్పూ లేకుండా సొమ్ము పోయినప్పుడు మూడు పనిదినాల్లో తెలిపిన ఖాతాదారుకు నష్టం ఉండకూడదనీ, ఖాతాదారు నిర్లక్ష్యమే కారణమైనా ఫిర్యాదు తర్వాత పోయేది బ్యాంకే భరించాలనీ, తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సిన భారం కూడా బ్యాంకుదేననీ రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. బ్రిటన్ ఇంకా ముందుకెళ్లింది. మోసపోయి తానే డబ్బు పంపిన ఖాతాదారుకు సైతం పరిమితికి లోబడి తిరిగి చెల్లించాలనీ, ఆ భారాన్ని పంపిన బ్యాంకు, అందుకున్న బ్యాంకు చెరిసగం మోయాలనీ 2024 అక్టోబరు నుంచి అమలు చేస్తోంది. సింగపూర్ అదే ఏడాది డిసెంబరులో నకిలీ లింకులతో వివరాలు లాగే కొన్ని ఫిషింగ్ మోసాలకు బ్యాంకులతోపాటు టెలికాం సంస్థలనూ బాధ్యులను చేసింది. దొంగసొమ్ము చేరిన ఖాతాను నడిపే బ్యాంకు కూడా నష్టంలో వాటా మోయాల్సివస్తే, ఖాతా తెరిచేటప్పుడే దాని కళ్లు తెరుచుకుంటాయి. ఆ నిబంధన ఇక్కడా రావాలి.

పౌర సమాజం చేయగలిగినది తక్కువేమీ కాదు. పాలమూరులో ఇంటి పెద్ద ముంబయికో పుణెకో వలసపోతే ఊళ్లో ఖాతా చూసుకునేది అతని భార్యో, ముసలి తల్లో. ఆమెకు దగ్గరగా ఉన్నది మహిళా సంఘమే. పొదుపు లెక్కలు చూసే నెలవారీ సమావేశంలోనే ఆధార్ వేలిముద్రలకు తాళం ఎలా వేయాలో ఫోనులో చేసి చూపవచ్చు. మోసం జరిగిన గంటలోపే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేస్తే సొమ్ము చేతులు మారేలోపు ఆగే అవకాశం ఉంటుంది. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో, లోక్ అదాలత్‌ల ద్వారా కొందరు బాధితులకు డబ్బు తిరిగి వచ్చింది కూడా. సిగ్గుతో ఇంట్లోనే కుమిలిపోయేవారికి ఈ సంగతి చెప్పేవారు కావాలి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కలెక్టర్లను, జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు అధికారులను మేము కోరేది ఒక్కటే. నోటిమాటగా ఫిర్యాదు చేసి ఉత్తచేతులతో ఇంటికి వెళ్లే రైతు దగ్గర తాను ఏనాడు చెప్పాడో రుజువు ఉండదు. మూడు దినాల లెక్కంతా దానిమీదే ఆధారపడి ఉంది. ప్రతి శాఖలో ఫిర్యాదుదారుకు తేదీ, సమయం వేసిన తెలుగు రశీదు అక్కడికక్కడే ఇవ్వాలి. అది చేతికందేదాకా వారి పక్కన నిలబడే పని మహిళా సంఘాల లెక్కలు చూసే గ్రామ సంఘ సహాయకులకు (వీఓఏలకు) అప్పగించాలి.