అగ్నిసాక్షి అయిన గ్యాస్ బిల్లు గారికి

మహారాజశ్రీ గ్యాస్ బిల్లు గారి దివ్యసముఖానికి,

షెఫీల్డ్‌లోని ఒక సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ నుంచి తెనాలి ఆడపిల్ల నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు మొన్న తలుపు సందులోంచి లోపల పడగానే మిమ్మల్ని చించి పారేయకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, పాస్‌పోర్టు పక్కనే భద్రపరిచానని ముందుగా విన్నవించుకుంటున్నాను.

మా వైపు పెళ్ళికి అగ్ని సాక్షి. పురోహితుడు నెయ్యి పోస్తాడు, పొగకు అందరి కళ్ళూ మండుతాయి, ఫొటోగ్రాఫరు అడ్డం వస్తాడు, అంతటితో అగ్నిహోత్రుడి పని అయిపోతుంది. ఆ తరువాత ఆయనను సాక్ష్యం చెప్పమని ఎవరూ ఏ ఆఫీసుకూ పిలవరు. బ్రిటన్‌లో మాత్రం ఆ అగ్నే గొట్టంలో ప్రవహించి, మీటరులో తిరిగి, కాగితం రూపంలో ఇంటికి వస్తాడనీ, పెళ్ళి చేసుకోకుండా కలిసి బతుకుతున్న ఇద్దరి తరఫున వీసా దరఖాస్తులో ఆ కాగితమే నోరు విప్పాలనీ నాకు 2023 చివరిదాకా బోధపడలేదు. ఇంత పెద్ద ముత్తయిదువ మా వంటింట్లోనే ఉండగా అప్పటిదాకా మిమ్మల్ని ఫ్రిజ్ మీద పడేసి, మీ మీద టీ కప్పు పెట్టినందుకు క్షమించగలరు.

నా సంగతి మీకు తెలియనిది కాదు. 2022 సెప్టెంబరులో స్టూడెంట్ వీసా మీద వచ్చి, ఎమ్మెస్సీ ముగించి, 2024 జనవరి నుంచి రెండేళ్ళ గ్రాడ్యుయేట్ వీసా మీద ఉద్యోగం చేసుకుంటున్నాను. ఆ వీసాను పొడిగించరు. గడువు ముగిసేలోగా మరో వీసాకు స్విచ్ కావాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. 2023 జూన్ నుంచి ఈ ఫ్లాట్‌లో నాతో కలిసి ఉంటున్న మనిషి ఇదే యార్క్‌షైర్‌లో పుట్టిన బ్రిటిష్ పౌరుడు కాబట్టి, నేను అన్‌మ్యారీడ్ పార్ట్‌నర్ వీసాకు మారవచ్చు. అందుకున్న నిబంధనలలో మొదటిది చూడటానికి చిన్నదే: పెళ్ళి లాంటి బంధంలో కనీసం 2 ఏళ్ళు గడిచి ఉండాలి. 2024 జనవరి 31కి ముందయితే ఆ 2 ఏళ్ళూ ఒకే ఇంట్లో కాపురం ఉండాలనేవారు. ఇప్పుడు కలిసి ఉండటం తప్పనిసరి కాదు, లేకపోతే ఎందుకు లేరో చెప్పుకుంటే చాలు అంటున్నారు. ఉన్నవాళ్ళు మాత్రం ఉన్నట్టు చూపించుకోక తప్పదు. అంటే మీ సింహాసనం కాస్త కదిలిందే గాని, మీరు దిగలేదు.

పెళ్ళయినవారిని ఈ 2 ఏళ్ళ లెక్క అడగరు. వారికి మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటుంది, మిగతా పరీక్షలు అందరితో పాటే రాస్తారు. పెళ్ళి వద్దనుకున్న మేమే పెళ్ళయినవారికన్నా ఎక్కువ పెళ్ళయినట్టు కనిపించాలి. ఆ బంధం నిజమైనదీ, కొనసాగుతున్నదీ అయి ఉండాలని కూడా అడుగుతారు. మా పెదనాన్న, పెద్దమ్మ మాట్లాడుకోవడం మానేసి పన్నెండేళ్ళయింది, మధ్యలో మనవడు రాయబారం నడుపుతాడు; వారిద్దరినీ ఈ దరఖాస్తు ముందు కూర్చోబెడితే ఏమవుతుందోనని ఒక్కోసారి ఆలోచిస్తాను. అయినా వారికి భయం లేదు, కరెంటు బిల్లు ఒక్కటే వస్తుంది.

ఇక అసలు చిక్కుకు వస్తాను. వీసాకు అడిగే సాక్ష్యాలు ఒకప్పుడు నా దగ్గర పుష్కలంగా ఉండేవి. వాటిని నేనే, ఎంతో శ్రద్ధగా, నాశనం చేశాను. బ్రిటిష్ ప్రభుత్వం నేను అతనితో ఉంటున్నట్టు రుజువు చేయమంటుంది, తెనాలిలోని మా ఇంట్లోవాళ్ళకేమో అతనితో ఉండటం లేదని రుజువు చేయాలి, నేను రెండో పరీక్షకే ముందు చదువుకున్నాను. ప్రతి ఫొటోలోనూ అతని భుజం దాకా కత్తిరించాను, అందుచేత రెండేళ్ళ నా ఫొటోలలో ఎవరిదో చెయ్యి మాత్రమే నా వెంట తిరుగుతూ ఉంటుంది. రాత్రి వీడియో కాల్ రాగానే అతను ల్యాప్‌టాప్ పట్టుకుని బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కూర్చునేవాడు, రెండో టూత్‌బ్రష్ సొరుగులోకి వెళ్ళేది, పన్నెండో నంబరు బూట్లు కప్‌బోర్డులోకి వెళ్ళేవి. స్నేహితుడు అంటే దొరికిపోతాను, స్నేహితురాలు అంటే అబద్ధం అవుతుంది, కాబట్టి "ఫ్రెండ్" అనేదాన్ని. వచ్చాడు అనలేను, వచ్చింది అనలేను, కాబట్టి "వాళ్ళు వచ్చారు" అనేదాన్ని. తెలుగు వ్యాకరణంలో గౌరవవాచకం ఇందుకే పుట్టిందేమో అనిపించేది.

నేను స్టూడెంట్‌గా ఉన్న రోజుల్లో కౌన్సిల్ టాక్స్ అనే ఇంటిపన్ను బిల్లు కూడా నాకు వ్యతిరేకంగానే మాట్లాడింది. ఫుల్‌టైమ్ విద్యార్థిని ఆ పన్ను లెక్కలో మనిషిగా పరిగణించరు, కాబట్టి అతను ఒంటరివాడి కింద 25 శాతం తగ్గింపు పొందాడు. అది పూర్తిగా చట్టబద్ధమే; కానీ ఆ నెలల కాగితం ప్రకారం ఈ ఇంట్లో లెక్కకు వచ్చే మనిషి ఒక్కడే, నేను గాలిలో ఉన్నాను. చదువు ముగిసిన రోజే ఆ తగ్గింపు రద్దు చేయించుకున్నాము. పన్ను పెరిగినందుకు పండగ చేసుకున్న ఇల్లు ఆ వీధిలో మాదొక్కటే అయి ఉంటుంది.

అప్పటికి మీ మీద నా పేరు లేదు. నన్ను కూడా చేర్చమని 2023 నవంబరులో మీ కంపెనీకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం వినిపించాక ఒక అమ్మాయి దొరికి, పేపరు బిల్లు మానేస్తే చెట్లు బతుకుతాయని చెప్పబోయింది. కాగితమే కావాలి, ఇద్దరి పేర్లూ ఉండాలి, అప్పు ఎంతున్నా నాకు కూడా పంచండి అని బతిమాలాను. బిల్లులో నుంచి పేరు తీసేయమని ఏడ్చేవారినే ఆమె అప్పటిదాకా చూసి ఉంటుంది, రెండుసార్లు అడిగింది. వారం తరువాత మీరు నా పేరుతో వచ్చారు. పాస్‌పోర్టులో నా పేరు ఇంటిపేరుతో కలిపి 27 ఇంగ్లీషు అక్షరాలు. మీ గడిలో 18 పట్టాయి. ఇంటిపేరు సొంతపేరయింది, సొంతపేరు సగంలో తెగింది, ముందు "మిస్టర్" చేరింది. దాన్ని సరిచేయించడానికి మరో మూడు ఫోన్లు పట్టాయి. నామకరణం నాడు మా అమ్మమ్మ బియ్యంలో నా పేరు రాయించినప్పుడు కూడా ఇంత ప్రయాస పడలేదట.

డబ్బు సంగతి తొందరగా ముగిస్తాను, ఎందుకంటే ఆ విషయంలో మన పెళ్ళిచూపులకూ మీ వాళ్ళకూ పెద్ద తేడా కనిపించలేదు. మన జాతకంలో 36 గుణాలలో 18 కలిస్తే చాలు. ఇక్కడ ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం కలవాలి. 2012 నుంచి 18,600గా ఉన్న ఆ గీతను 2024 ఏప్రిల్ 11న ఒక్క దెబ్బతో పైకి జరిపారు. నేను ఇక్కడే ఉండి ఉద్యోగం చేస్తున్నాను కాబట్టి ఇద్దరి జీతాలూ కలిపి చూపించవచ్చు. జీతం లేనివారు 88,500 పౌండ్లు ఆరు నెలలపాటు కదలకుండా ఉంచి చూపించాలి. దరఖాస్తుకు 1,321 పౌండ్లు, ప్రభుత్వ వైద్యం కోసం ముందే కట్టించుకునే రెండున్నరేళ్ళ హెల్త్ సర్‌చార్జికి 2,587.50 పౌండ్లు, వెరసి 3,908.50 పౌండ్లు ఒక్క బటన్ నొక్కుడులో వెళ్ళాయి. ఇదంతా 30 నెలలకు. తరువాత మళ్ళీ ఇదే వ్రతం, మళ్ళీ 30 నెలలు. శాశ్వత నివాసానికి కావలసిన ఐదేళ్ళూ ఈ వీసా నుంచే మొదలవుతాయి గనుక, నేను ఇంతకు ముందు ఇక్కడ చలికి వణికిన మూడేళ్ళూ ఆ లెక్కలో సున్నా.

సాక్ష్యాల సేకరణలో అందరికన్నా ఇబ్బంది పడింది నా నరసరావుపేట స్నేహితురాలు. వచ్చిన కొత్తలో నేను ఆమెతోనే ఉన్నాను. మారిన సంగతి ఇంట్లో చెప్పలేదు. రెండేళ్ళపాటు మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఇక్కడే ఉందాంటీ, స్నానం చేస్తోంది" అని ధర్మం తప్పకుండా అబద్ధమాడిన మనిషి, ఇప్పుడు అదే నోటితో నేను ఆ కాలమంతా ఇంకొకరి ఇంట్లో కాపురం ఉన్నానని లేఖ రాసి, సంతకం చేసి ఇచ్చింది. మా అమ్మ పంపే పచ్చళ్ళ పార్సిళ్ళు కూడా ఆమె చిరునామాకే వెళ్ళేవి. నా ఎడ్యుకేషన్ లోన్ ఇచ్చిన బ్యాంకు దగ్గరా అదే చిరునామా. ఆ కాగితాలు మాత్రమే చూసినవారికి నేను నరసరావుపేట అమ్మాయితో పెళ్ళి లాంటి బంధంలో ఉన్నట్టు తోస్తుంది. రెండేళ్ళూ నిండాయి, ఆవకాయ రసీదులతో సహా.

అందుకని చిరునామాలన్నీ సరిచేసి, ఇల్లు మారానని ఇంట్లో చెప్పాను. వాట్సాప్‌లో మా ప్రేమ వెతికితే "పాలు అయిపోయాయి", "బిన్ బయట పెట్టావా", "హీటింగ్ ఎవరు ఆన్ చేశారు" తప్ప ఏమీ దొరకలేదు, అవే పెట్టాను. హీటింగ్ గొడవ మీ గురించే కాబట్టి మీకు అభ్యంతరం ఉండదనుకుంటాను. 2025 డిసెంబరులో దరఖాస్తు వేశాను. గడువులోగా వేశాను గనుక నిర్ణయం వచ్చేదాకా పాత వీసా హక్కులు కొనసాగుతాయి, కానీ ఈలోగా దేశం దాటితే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే. సంక్రాంతికైనా రమ్మని అమ్మ అడిగితే ఆఫీసులో సెలవు లేదన్నాను. ఆఫీసు ఏ పాపమూ ఎరుగదు.

ఆ రోజు కాల్‌లో ఫోన్ స్టవ్ వైపు తిరిగి ఉన్న సంగతి చూసుకోలేదు. నేను బియ్యం కడుగుతున్నాను.

"ఒక్కదానివి, రెండు గ్లాసులు పోశావేమే?" అంది అమ్మ.

"రేపు బాక్సులోకి" అన్నాను.

"ఊఁ" అంది. ఇంకేమీ అడగలేదు. పేజీలు తిప్పలేదు, మరిన్ని పత్రాలు పంపమనలేదు.

వీసా ఫిబ్రవరిలో ఈమెయిల్‌గా వచ్చింది. ఇప్పుడు చేతికి కార్డు కూడా ఇవ్వరు. అదే వారంలో కొత్త చిరునామాకు తెనాలి నుంచి పార్సిల్ వచ్చింది. అరిసెలు, రెండు సీసాల ఉసిరికాయ పచ్చడి. ఎప్పుడూ ఒక్కటే పంపేది. రెండో సీసా మూత మీద తెల్ల కాగితం అంటించి, అమ్మ చేతిరాతతో "దీనిలో కారం తగ్గించాను" అని ఉంది.

ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి మీ పక్కనే పెట్టాను. 2028లో పొడిగింపుకు దీన్ని ఏ శీర్షిక కింద అప్‌లోడ్ చేయాలో వచ్చే బిల్లుతో పాటు తెలియజేయగలరు. సీసా మటుకు అతను సగం ఖాళీ చేశాడు, నీళ్ళు తాగుతూనే.

ఇట్లు,
మీ మీద ఎట్టకేలకు పూర్తి పేరు గల,
తెనాలి ఆడపిల్ల