పాలు పడ్డాయా?

ఓరుగల్లు వాళ్ళకు సామాజిక బాధ్యత లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. నల్లా నాలుగు రోజులు రాకపోయినా అడగం, రోడ్డు మీద గుంత పడితే పక్కనుంచి బండి పోనిస్తాం, అది నిజమే. కానీ ఫలానా ఇంట్లో బాలింత ఉందని తెలియనీయండి, హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఒక్కరు కూడా తమ విధి మరిచిపోరు. "పాలు పడ్డాయా?" అని అడిగే తీరతారు. నన్ను మొదట అడిగింది మా ఆడబిడ్డ వాళ్ళ అత్తగారు, అప్పటికి పిల్లాడు పుట్టి మూడు గంటలు. రెండోసారి అడిగింది పక్క మంచం ఆమెను చూడటానికి వచ్చిన పెద్దమనిషి. ఆయన ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు, కానీ శ్రద్ధగా అడిగాడు.

పడలేదు. సిజేరియన్ అయింది, రక్తం బాగా పోయింది, థైరాయిడ్ ముందునుంచీ ఉంది. పాలు ఆలస్యం కావడానికో తగ్గడానికో వీటిలో ఏ ఒక్కటైనా చాలని డాక్టరమ్మ చెప్పింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే, ఇందులో దేశానికే మొదటి స్థానం మనది. అయినా కడుపు కోసి కుట్లు వేసిన మరుసటి గంటకే పాలు ధార కట్టాలన్న రూల్ మాత్రం అమ్మమ్మల కాలం నాటిదే నడుస్తోంది. నాలుగో రోజుకు మా వాడు 2.9 కిలోల నుంచి 2.5కు దిగాడు. మొదట్లో కొంచెం తగ్గడం మామూలేనట, పదో వంతు దాటితే మాత్రం కాదట. డాక్టరమ్మ డబ్బా పాలు రాసింది. చీటీలో ఉన్న వాటన్నిటిలో మా ఇంట్లోవాళ్ళు గొంతు తగ్గించి చదివింది అదొక్కటే.

డబ్బా కొనడానికి ఒక మర్యాద ఉంది. మా సందు చివర వైన్స్, దాన్ని ఆనుకొని మెడికల్ షాపు. వైన్స్ నుంచి మనిషి క్వార్టర్ సీసా మూత తిప్పుకుంటూ బయటికి వస్తాడు, ఎదురైనవాళ్ళకు "నమస్తే అన్నా" కూడా చెప్తాడు. మెడికల్ షాపు నుంచి మా ఆయన పాల డబ్బాను పేపర్లో చుట్టించి, నల్ల కవర్లో వేయించి, బండి డిక్కీలో తాళం పెట్టి తెచ్చేవాడు. రెండింటికీ ప్రకటనలు నిషేధమే లెండి. 1992 నాటి చట్టం ప్రకారం పాలపొడి కంపెనీ ప్రచారం చేసుకోకూడదు, తల్లులకు ఉచితంగా శాంపిళ్ళు పంచకూడదు, డబ్బా మీద పసిపిల్లల బొమ్మ వేయకూడదు, పైగా తల్లి పాలే బిడ్డకు శ్రేష్ఠమని పెద్దక్షరాల్లో అచ్చు వేయాలి. మంచి చట్టం, ఈ మాట వెటకారంగా అనడం లేదు. తాగే నీళ్ళే సరిగా లేని దేశాల్లో, పాలున్న తల్లులకు కూడా పొడి అంటగట్టి పసిపిల్లల ప్రాణాల మీదికి తెచ్చారు కాబట్టే 1981లో ప్రపంచ ఆరోగ్య సభ నియమావళి తెచ్చింది, మన చట్టం దాని తర్వాతే వచ్చింది. కాకపోతే ఆ హెచ్చరిక కంపెనీని ఉద్దేశించి రాసింది, చదవాల్సి వచ్చింది నేను.

అదీ రాత్రి రెండింటికి. ఫ్లాస్కులో కాచిన నీళ్ళు సీసాలో 60 మి.లీ. గీత దాకా పోయాలి, డబ్బాలో ఇచ్చిన చెంచాతో రెండు చెంచాల పొడి, ఒక్కోదాన్ని కత్తి వీపుతో సమంగా గీసి వేయాలి, ఊపి, మణికట్టు మీద చుక్క వేసుకొని చూడాలి. కుట్లు లాగుతుంటాయి, లోపల వాడు ఇల్లు లేపుతుంటాడు, ఎదురుగా డబ్బా మాత్రం నీ పాలే శ్రేష్ఠమమ్మా అని నిలబడి ఉంటుంది. "నాకు తెలుసు తల్లీ" అని ఒకరోజు దానికి జవాబు కూడా చెప్పాను.

ప్రయత్నం చేయలేదా అంటే, మా అమ్మ పూటకో గడ్డ వెల్లుల్లి తినిపించింది, మెంతులు, బొప్పాయి కూర, మేక కాళ్ళ సూప్ సరేసరి. పాలు పెరగలేదు గానీ నేను గదిలోకి వస్తే మా బాపు ఏమీ అనకుండా లేచి కిటికీ తెరిచేవాడు. పంపు పెట్టుకొని అరగంట కూర్చుంటే పది మి.లీ. వచ్చేవి. ఒకసారి చెయ్యి తగిలి ఆ పది కూడా ఒలికిపోయాయి. కుట్ల నొప్పికి ఏడవని దాన్ని, నేల తుడిచే గుడ్డ చేతిలో పట్టుకొని ఏడ్చాను.

ఇక మా పెద్దమ్మ. "డబ్బా పాలు తాగినోళ్ళకు తెలివి రాదు బిడ్డా" అని రోజూ వచ్చి చెప్పిపోయేది. అదే వారంలో గాడిద పాలాయన వీధిలోకి వచ్చాడు. పెద్దమ్మ పరుగున పోయి, కళ్ళముందే పిండించి, వంద రూపాయలకు చెంచాడు పట్టుకొచ్చింది. కాచిన నీళ్ళలో కొలత ప్రకారం కలిపిన పొడి విషం, నడివీధిలో పిండిన పచ్చి గాడిద పాలు అమృతం. "గొంతు మంచిగైతది" అంటూ వాడి నోటి దాకా తెచ్చింది. డాక్టరమ్మ పేరు చెప్పి ఆపాను. వంద రూపాయలు వృథా పోవద్దని ఆ చెంచాడూ పెద్దమ్మే తాగింది. గొంతు నిజంగానే పెరిగింది.

పక్కింటి ఆంటీ సలహా వేరు. నీళ్ళు ఇంకొంచెం ఎక్కువ పోస్తే వేడి చేయదు, డబ్బా కూడా పది రోజులు ఎక్కువ వస్తుందట. ఇది మాత్రం నవ్వే విషయం కాదు. ఆ పొడికి 30 మి.లీ.కి ఒక చెంచా అన్నారంటే అంతే, పలచన చేస్తే పిల్లాడి కడుపు నిండుతుంది, ఒంటికి ఏమీ పట్టదు.

మా ఆయన ఒక రోజు సీసా పట్టుకొని తాగిస్తుంటే ఇంట్లోవాళ్ళంతా చుట్టూ చేరి చూశారు. "ఎంత మంచోడు" అన్నారు. అదే సీసా, అవే పాలు. ఆయనను మాత్రం పాలు పడ్డాయా అని ఎవరూ అడగలేదు.

అందుకని ప్రజల సౌకర్యం కోసం నాదొక ప్రతిపాదన. ఇకనుంచి ఇరవై ఒకటో రోజు తొట్టెల కార్డులోనే, ముహూర్తం కింద, వివరాలన్నీ అచ్చు వేయిద్దాం. తల్లి పాలు రోజుకు ఇన్ని మి.లీ., డబ్బా పాలు ఇన్ని మి.లీ., కారణాలు వెనక పేజీలో, థైరాయిడ్ రిపోర్టు జిరాక్స్ జతపరచడమైనది. భోజనాల దగ్గర ఒక్కొక్కరు వచ్చి చెవిలో అడిగే శ్రమ తప్పుతుంది.

మా వాడికి ఇప్పుడు మూడేళ్ళు. ఎత్తు వాళ్ళ తాతదట, రంగు మేనత్తదట, తెలివి పెద్దమ్మదట. జలుబు మాత్రం డబ్బాది.