సక్సైవామన్: మోయలేక వదిలేసిన కోట

పెరూ వెళ్లే యాత్రికుల మనసంతా కొండ మీది శిథిల నగరం మాచు పిచ్చు మీదే ఉంటుంది. అమెరికాలో స్థిరపడి సెలవులకు అటు వెళ్లే తెలుగు కుటుంబాలదీ అదే వరస. కుస్కో నగరం వారికి కొండ ప్రాంతపు పలుచని గాలికి ఒంటిని అలవాటు చేసుకునే మజిలీ. ఆ నగరానికి ఎగువన, సముద్రమట్టానికి సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉన్న సక్సైవామన్ కోటకు మహా అయితే ఒక గంట దక్కుతుంది. గోడ ముందు ఫొటో దిగి, ‘ఇంతేసి రాళ్లను ఎలా పేర్చారో, ఎవరికీ తెలియదట’ అనుకుంటూ బస్సెక్కుతారు.

ఆ ‘ఎవరికీ తెలియదట’ అన్న మాటతోనే నాకు పేచీ. ఈ కోటను ఎవరు కట్టారో తెలుసు: స్పెయిన్ రాకముందు ఆండీస్ పర్వతాల్లో రాజ్యమేలిన ఇంకాలు. ఎలా కట్టారో చాలావరకు తెలుసు. ఎవరు కూల్చారో సాక్ష్యాలతో సహా తెలుసు. రహస్యం అనే ముసుగు కప్పేస్తే కట్టినవారికి రావలసిన పేరు రాదు, కూల్చినవారిని అడిగేవారూ ఉండరు.

కోట ముఖభాగంలో మూడు రాతి గోడలు ఒకదాని వెనుక ఒకటి, ఒకదాని కన్నా ఒకటి పై ఎత్తున, రంపపు పళ్లలా మలుపులు తిరుగుతూ దాదాపు 400 మీటర్ల పొడవున సాగుతాయి. అన్నిటికన్నా పెద్ద రాయి బరువు వంద టన్నులు దాటుతుందని అంచనా. రాళ్ల మధ్య సున్నం కనిపించదు. ఒక రాయి మూల మరో రాయి ఒంపులో ఒదిగి కూర్చుంటుంది. గోడ మొత్తం కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. మలుపులకూ ప్రయోజనం ఉంది: గోడ ఎక్కడానికి వచ్చిన శత్రువు పక్కలు పైన ఉన్నవారి దెబ్బకు అందుతాయి. అయితే దీన్ని కోట అని మాత్రమే అంటే సగమే చెప్పినట్టు. ఇక్కడ సూర్యుడి ఆరాధన జరిగేది, ఆయుధాలూ బట్టలూ దాచిన గిడ్డంగులు ఉండేవి. స్పెయిన్ సైనికులు మొదటిసారి చూసి రాసిపెట్టిన వర్ణనల్లో ఆ గిడ్డంగుల ముచ్చట ఉంది.

నిర్మాణం 15వ శతాబ్దంలో, ఇంకాల చక్రవర్తి పచకూటి కాలంలో మొదలైందనీ, అతని కొడుకు తోపా ఇంకా యుపాంకీ, ఆ తరువాతి పాలకులు కొనసాగించారనీ చరిత్రకారులు చెబుతారు. 1550 ప్రాంతంలో కుస్కోకు వచ్చిన స్పెయిన్ చరిత్రకారుడు పెద్రో సియెజా దె లియోన్ పని తీరును లెక్కలతో సహా రాశాడు. 20,000 మంది పనిచేశారు. వారిలో 4,000 మంది రాయి కొట్టేవారు, 6,000 మంది తోలుతోనూ నారతోనూ పేనిన పెద్ద మోకులు కట్టి లాగేవారు, మిగిలినవారు పునాదులు తవ్వేవారు, దూలాలు నరికేవారు. కొంతకాలం పనిచేసి వారు ఇళ్లకు వెళ్తే మరికొందరు వచ్చేవారు. నిర్మాణానికి నేతృత్వం వహించిన నలుగురి పేర్లు కూడా మనకు దక్కాయి: వాయ్పా రిమాచి, మారికాంచి, అకావానా, కాయా కుంచుయ్. ప్రపంచంలో ఎన్నో గొప్ప కట్టడాలకు శిల్పి పేరైనా మిగల్లేదు. ఇక్కడ నాలుగు పేర్లుండగా, కట్టినవారు తెలియరని ఎలా అనగలం?

వారికి ఇనుము లేదు, బరువులు లాగే చక్రపు బండి లేదు, గుర్రమూ ఎద్దూ లేవు. లామా వీపున పాతిక ముప్పై కిలోలకు మించి పెట్టలేం. అయితే పెద్ద సున్నపురాయి బండలు కోట పరిసరాల్లోనే దొరికాయి. నగరంలోని నున్నటి గోడలకు వాడిన యాండసైట్ అనే అగ్నిపర్వత శిల మాత్రం 35 కిలోమీటర్ల దూరంలోని రుమికోల్కా క్వారీ నుంచి వచ్చింది. అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ ఆచార్యుడైన జాన్ పియర్ ప్రోట్జెన్ 1980లలో ఇంకాల క్వారీలకు వెళ్లి, అక్కడ పడి ఉన్న గట్టి గులకరాళ్లనే సుత్తులుగా పట్టుకుని రాయిని చెక్కి చూశాడు. బరువైన గులకరాయిని పైనుంచి వదులుతూ దెబ్బ మీద దెబ్బ వేస్తే అనుకున్నంత కష్టం లేకుండానే రాయి ఆకారానికి వచ్చింది. అంచుల దగ్గరికి వచ్చేసరికి చిన్న గులకరాయి వాడాలి. పాత ఇంకాల గోడల మీద ఉన్న గుంటల తీరు కూడా అదే: మధ్యలో పెద్దవి, అంచుల్లో చిన్నవి.

ఇన్ని ఆధారాలుండగా, ‘గ్రహాంతరవాసులు కట్టారు’, ‘రాయిని ఏదో ఆకుపసరుతో మెత్తబరిచారు’ అనే వీడియోలు తెలుగులోనూ తిరుగుతున్నాయి. వాటిని కాలక్షేపంగా తీసుకోలేను. యూరప్‌లోని పెద్ద చర్చిలను మనుషులు కట్టారంటే ఎవరూ సందేహించరు. ఆండీస్ రైతుల దగ్గరికి వచ్చేసరికే ఆకాశం నుంచి సాయం కావలసి వస్తుంది. ఆ తేడా వెనుక ఉన్నది చిన్నచూపు.

ఆ శ్రమను పూలదండలతో అలంకరించనక్కర్లేదు. ‘మిత’ అనే పద్ధతి కింద ప్రతి సమాజమూ వంతులవారీగా రాజ్యానికి పని చేసి తీరాలి. ఇది వెట్టి కాదా అని అడిగితే, బలవంతం ఉన్న మాట నిజమే. పనివారికి రాజ్య గిడ్డంగుల నుంచి తిండీ మొక్కజొన్న కల్లూ అందేవి, వంతు పూర్తయితే ఇంటికి పోవచ్చు. అయినా ప్రాణాలు పోయాయి. కోటకు చేరకముందే ‘అలసిపోయి’ ఆగి, నెత్తుటి కన్నీరు కార్చిన బండ గురించి స్థానికంగా ఒక కథ ఉంది. అది లాగుతున్నవారి చేతుల్లోంచి జారి వాలు మీద దొర్లి మూడు నాలుగు వేల మందిని చంపిందని చెప్పుకునేవారు. అంకెలో అతిశయం ఉండవచ్చు. కానీ ఆ దుఃఖం లాగినవారిది, దాన్ని వారే రాయి నోట పలికించారు. తర్వాత స్పెయిన్ ఇదే మితను పొతోసి వెండి గనులకు మళ్లించి, దాన్ని మృత్యుకూపంగా మార్చింది.

1536లో ఇంకాల రాజు మాంకో ఇంకా, స్పెయిన్ ఆక్రమణ మీద తిరుగుబాటు లేవదీసి కుస్కోను ముట్టడించినప్పుడు ఈ కోటే కీలకమైంది. దాన్ని తిరిగి పట్టుకోవడానికి స్పెయిన్‌వారు చేసిన దాడిలో, ఆ ఆక్రమణకు నాయకుడైన ఫ్రాన్సిస్కో పిజారో తమ్ముడు హువాన్ పిజారో తలకు రాయి తగిలి, కొద్దిరోజులకు చనిపోయాడు. ముందే దవడకు గాయమై ఉండటంతో ఆనాడు అతను శిరస్త్రాణం పెట్టుకోలేకపోయాడు. చివరికి కోట స్పెయిన్ చేతికి చిక్కింది. శత్రువుకు దొరకడం ఇష్టంలేక బురుజు మీంచి దూకిన ఇంకాల యోధుణ్ణి పెరూ ప్రజలు కావిదే అనే పేరుతో తలచుకుంటారు. శవాల కోసం దిగిన రాబందుల గుర్తుగా కుస్కో నగర చిహ్నంలో ఎనిమిది కాండోర్ పక్షులు చేరాయి.

యుద్ధం కన్నా ఎక్కువ నష్టం శాంతికాలంలో జరిగింది. ఇంకాల రాజకుమారికీ స్పెయిన్ సేనానికీ 1539లో కుస్కోలో పుట్టిన గార్సిలాసో దె లా వేగా చిన్నతనంలో ఈ కోటలోనే ఆడుకున్నాడు. కోటను కాపాడుకోవలసింది పోయి, కొత్త ఇళ్లకు రాయి చెక్కించే ఖర్చు తప్పించుకోవడానికి స్పెయిన్‌వారు దాన్ని విప్పేసి మోసుకుపోయారని పెద్దయ్యాక బాధతో రాశాడు. మూడు గొప్ప బురుజులు పోయాయి. నున్నగా చెక్కిన గోడలు పోయాయి. కుస్కో కేథడ్రల్‌కూ ఇక్కడి రాయి చేరింది. ఈరోజు మనం నోరు తెరుచుకుని చూస్తున్న మహాకాయ శిలలు కదపడానికి చేతకాక వదిలేసినవి. 1934లో పురావస్తు శాస్త్రవేత్త లూయిస్ వాల్కార్సెల్ తవ్వించేదాకా బురుజుల పునాదులు మట్టి కిందే ఉన్నాయి. వాటిలో ముయుక్ మార్కా అనే బురుజు వలయాకారపు పునాదిని ఇప్పుడు చూడవచ్చు. చాలామంది గోడ దగ్గరే ఆగిపోయి అక్కడిదాకా ఎక్కరు. పోయినది ఎంతో అర్థమయ్యేది మాత్రం అక్కడే.

1650లోనూ 1950లోనూ వచ్చిన భూకంపాలకు కుస్కోలో వలసకాలపు కట్టడాలు భారీగా దెబ్బతిన్నాయి. 1950లో, ఇంకాల సూర్యాలయం మీద స్పెయిన్‌వారు కట్టిన సాంతో దొమింగో మఠం గోడలు కూలితే, లోపల దాగిన ఆ ఆలయం గోడలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి.

ఇంత కథ ఉంది కనుకే ఈ కోటకు గంట చాలదు, సగం పూట కావాలి. కుస్కోలో దిగిన రోజే వెళ్లవద్దు. పలుచని గాలిలో ఆ ఎక్కుడు బాగా ఆయాసపెడుతుంది. ఒకటి రెండు రోజులు ఆగి, వీలైతే ఆండీస్ ప్రజల భాష క్వెచువా తెలిసిన స్థానిక గైడును తీసుకుని, ప్రధాన కూడలి నుంచి నెమ్మదిగా నడిచి ఎక్కండి. దిగాక కేథడ్రల్ చూడండి. ఆ వరుసలో చూస్తే రాయి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో కాళ్లకే తెలుస్తుంది. జూన్ 24న వెళ్లగలిగితే మరీ మంచిది. వలస ప్రభుత్వం 16వ శతాబ్దంలో నిషేధించిన సూర్య పండుగ ఇంతి రైమీని, గార్సిలాసో వర్ణనల ఆధారంగా 1944లో కుస్కోవాసులు మళ్లీ మొదలుపెట్టారు. ప్రధాన ఘట్టం ఈ గోడల ముందున్న మైదానంలోనే జరుగుతుంది. టికెట్ గ్యాలరీలు ఖరీదు. స్థానికులు తిండి మూటలతో వచ్చి చుట్టూ ఉన్న కొండవాలు మీద కూర్చుంటారు. చోటు దొరికితే వారి మధ్యే కూర్చుని చూడండి. మాటలన్నీ క్వెచువాలోనే ఉంటాయి, పక్కవారిని అడిగితే కథ చెబుతారు.