మహారాజశ్రీ నల్ల టేపు గారికి

గుంటూరు బ్రాడీపేట నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ, ఇక్కడ కుశలంగా ఉన్నది మీరొక్కరే. మేం మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మోటారు ఆపుకుని, అంట్లన్నీ సింకులో పడేసుకుని, "భోంచేసి పావుగంటలో వచ్చేస్తానన్నా" అన్న ఎలక్ట్రీషియన్ కుర్రాడి కోసం గేటు వైపు చూస్తూ కూర్చున్నాం. ఆరింటికి వచ్చాడు. ఏ ఊళ్లో భోంచేశావని అడగలేదు. వచ్చిన ఎలక్ట్రీషియన్ మీద కోప్పడే ధైర్యం ఎవరికుందండీ.

సంగతి మీకు తెలిసిందే. పెరటి బావిలో మోటారు, మెట్ల కింద స్టార్టరు పెట్టె, మధ్యలో గోడ. రెండంగుళాల ఇనప పైపు కోసం నాలుగంగుళాల బొక్క కొట్టి, మిగిలిన సందులో ఇంత సిమెంటు కుక్కి వెళ్లిపోయాడు మేస్త్రి. మోటారు వైరూ అందులోంచే. వాన పడితే నీళ్లు ఆ సందులో దూరి, పైపు అడుగు పట్టుకుని మెల్లగా పాకి, ఎల్బో దగ్గర ఆగి, చుక్క కాస్త బొద్దెక్కాక సరిగ్గా స్టార్టరు మూత మీద టప్పున పడుతుంది. బొక్క బయటికి వాలుగా కొట్టి ఉంటే నీళ్లు బావి వైపే పోయేవి. కనీసం వైరుని లోపలికి లాగేముందు బయట కిందికో వంపు తిప్పినా, చుక్క ఆ వంపులోనే రాలిపోయేది. కానీ ఇంత శ్రమ ఎందుకండీ, తమరుండగా! పైపుకి మీరే, వైరు జాయింటుకి మీరే. "టేపు చుట్టేశాగా అన్నా, ఏం కాదు." (పిండిలా పిసికి పూసే ఆ సీలు మీ బంధువేగా? మొన్న అప్పడంలా ఊడొచ్చింది, చెప్పండి.)

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మీ జిగురు కరిగి, కొస విచ్చుకుని, తాటాకులా వేలాడుతుంటారు. తడిలో ఉండే జాయింటు మీ వల్ల అయ్యే పని కాదని మీకూ తెలుసు. ఒక్క మాట చెప్పొచ్చుగా?

సరే, అదీ వదిలేస్తాను. ఆకుపచ్చ వైరు సంగతేంటి? ఇవాళ స్టార్టరు మూత విప్పితే, ఎర్తు వైరు జానెడు దగ్గర కత్తిరించి, మడిచి, ఓ మూలకి తోసేసి ఉంది. దాని తల మీద టోపీలా నువ్వు. అవును, నువ్వే, ఇంకా మీరేంటి! మూడు వారాలుగా మా అమ్మ "ఆ పైపు ముట్టుకుంటే జివ్వుమంటోందిరా" అంటుంటే, "నీరసం అమ్మా, కాసిని మజ్జిగ తాగు" అన్నాను నేను. ఇవాళ పైపుకి టెస్టరు పెడితే లైటు వెలిగింది. తడి కాళ్లతో, స్టీలు బిందెతో, డెబ్బై ఏళ్ల మనిషి రోజూ ఆ పక్కనుంచే నడిచింది. సిగ్గులేదురా నీకు? నాకూ లేదనుకో.

ఎంసీబీ ఉందిగా అన్నాడు కుర్రాడు. అది వైరు కాలిపోకుండా కాపాడుతుంది తమ్ముడూ, మా అమ్మని కాదు. నేనే శంకర్ విలాస్ సెంటర్ దాకా వెళ్లి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తెచ్చాను, కరెంటు పక్కకి లీకైతే టక్కున ఆపేసే స్విచ్చి. బిగించి మోటారు వేశాడు. టక్కున పడిపోయింది. మళ్లీ వేశాడు, మళ్లీ టక్. "బాగా సెన్సిటివ్ అన్నా ఇది, నిలవట్లేదు" అంటూ జేబులోంచి నిన్ను తీసి, దాని పుల్ల పైకెత్తి నీతో కట్టేశాడు. నా కళ్ల ముందే!

కానీ దాన్ని చేసినవాడు నిన్ను ముందే ఊహించాడు. పుల్ల పైకే ఉంది, లోపల తెగాల్సింది తెగింది, మోటారు తిరగలేదు. కుర్రాడు తల గోక్కున్నాడు. రేపు తొమ్మిదింటికల్లా వచ్చి కొత్త వైరు లాగి, ఎర్తు కలిపి, బొక్క బయటినుంచి పూడుస్తాడట.

ప్రస్తుతానికి పక్కింటి నుంచి రెండు బకెట్లు మోసుకొచ్చాను. ఒకదాని పట్టీ విరిగితే దానికీ నిన్నే చుట్టారు వాళ్లు. చెయ్యి కోసుకోలేదు, అది మాత్రం ఒప్పుకుంటాను.

ఇట్లు,
మెట్ల కింద టార్చి పట్టుకున్నవాడు