ఎండ తగలకుండా టమాటా పెంచడం ఎలా?

టమాటా నారు ఇంట్లో పోయడానికి ఒక పవిత్రమైన లెక్క ఉంది. చలికాలం చివర్లో మంచు ఆఖరిసారి గడ్డకట్టే రోజు ఏదో తెలుసుకోవాలి. అక్కడి నుంచి ఆరు నుంచి ఎనిమిది వారాలు వెనక్కి లెక్కపెట్టాలి. సరిగ్గా ఆ రోజున విత్తనాలు ట్రేలో వేయాలి. తోటపని గురించి ఏ వీడియో తెరిచినా పాఠం ఇక్కడే మొదలవుతుంది. వెచ్చటి ప్రాంతాల్లో ఉండేవాళ్లకు ఇందులో వచ్చే చిక్కల్లా ఒక్కటే. మొదటిసారే గడ్డకట్టని చోట ఆఖరిసారి ఎప్పుడని ఎవరిని అడగాలి?

సామాన్యులైతే ఇక్కడితో ఆగిపోయి, నాలుగు గింజలు తీసుకెళ్లి ఆరుబయట ఓ కుండీలో వేసి, తమ పని తాము చూసుకుంటారు. క్రమశిక్షణ ఉన్నవాళ్లు అలా చేయరు. మంచు కురిసే దేశం ఒకటి ఎంచుకుని, దాని తేదీని దత్తత తీసుకుంటారు. బయట మధ్యాహ్నం 28 డిగ్రీలున్నా, తమది కాని చలిని తలచుకుని కిటికీలు బిగించి, పడకగదిలో బల్ల మీద ట్రే పెడతారు. ఈ వ్యాసం వాళ్ల పక్షాన రాస్తున్నాను. వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు తక్కువ. ఇంట్లోవాళ్లయితే అసలే లేరు.

వాళ్ల మీద వచ్చే ప్రధానమైన ఆరోపణ "బయట బోలెడంత ఎండ ఉంది కదా" అనేది. ఉంది. అదే కదా సమస్య! ఎండకు స్విచ్ లేదు, టైమర్ లేదు, వారంటీ లేదు. పాడైతే ఫోన్ చేయడానికి నంబర్ లేదు. పైగా ఉచితం. ఉచితంగా వచ్చేదాన్ని నమ్మి ప్రాణమున్న మొక్కను దాని చేతిలో ఎలా పెడతాం?

వేడి సంగతే చూడండి. టమాటా గింజ మొలవాలంటే మట్టి వేడి 10 డిగ్రీలకు పైన, 35కు లోపల ఉండాలి. 25 నుంచి 29 మధ్య ఉంటే వారం రోజుల్లో మొలక తల ఎత్తుతుంది. చలి దేశాల్లో ఇంట్లో పెట్టిన మట్టి కూడా చల్లగానే ఉంటుంది కాబట్టి అక్కడ ట్రే కింద కరెంటుతో పనిచేసే హీట్ మ్యాట్ పరుస్తారు. అదే ట్రే వెచ్చటి ప్రాంతంలో ఏ మ్యాటూ లేకుండా 25 దగ్గర హాయిగా ఉంటుంది. అయినా పరచాల్సిందే. కొన్నాం కదా! గది వేడికి మ్యాట్ వేడి తోడై మట్టి 36కు చేరుతుంది. లోపల గింజ మొలుస్తోందో ఉడుకుతోందో తెలియక యజమానికి టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు ఏసీ వేస్తారు. కింద మ్యాట్, పైన ఏసీ, రెండూ రాత్రంతా పోట్లాడుకుని తెల్లారేసరికి 27 దగ్గర రాజీకి వస్తాయి. వరండాలో అప్పటికి వారం నుంచీ ఉన్నది కూడా ఆ 27 డిగ్రీలే. కానీ వరండా డిగ్రీలు ఎవరి కష్టార్జితమూ కావు.

మొలకలు వచ్చాక వెలుతురు ఘట్టం. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే మనిషి పట్టుదల ఇక్కడే బాగా కనిపిస్తుంది. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఆరుబయట వెలుతురు దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. లైట్లు వేసిన గదిలో ఐదు వందలు ఉంటే గొప్ప. కిటికీ పక్కన ఇంకాస్త నయం. మన కళ్లు ఇట్టే సర్దుకుంటాయి కాబట్టి గది మనకు దేదీప్యమానంగానే కనిపిస్తుంది. మొక్కకు అలాంటి మొహమాటం లేదు. వెలుతురు చాలకపోతే, పైన ఏదో అడ్డు ఉంది, దాన్ని దాటితే ఎండ దొరుకుతుంది అన్న లెక్కతో కాండాన్ని సాగదీస్తుంది. మూడో రోజుకల్లా ట్రేలోని మొక్కలన్నీ రావాల్సిన బస్సు కోసం చూస్తున్నట్టు కిటికీ వైపు మెడలు సాచి నిలబడతాయి.

వంగి దగ్గరగా చూస్తే దృశ్యం ఇంకా హృద్యంగా ఉంటుంది. గింజ పొట్టు ఇంకా మొదటి రెండు ఆకుల కొసను వదల్లేదు. అసలు ఆకులు రానే లేదు. కాండం మాత్రం వేలెడు పొడవు సాగింది. దాని మీద సన్నటి తెల్లని నూగు, అడుగున కాస్త ఊదా రంగు. ఊపిరి తగిలితే చాలు, పక్కకు వాలుతుంది. దీన్ని చూసి సామాన్యులు ట్రే బయట పెడతారు. క్రమశిక్షణ గలవాళ్లు రోజూ ఉదయం ట్రేను సగం చుట్టు తిప్పుతారు. అటు వంగినది ఇటు వంగుతుంది, మళ్లీ అటు. ఇలా పది రోజులు చేస్తే ఎస్ ఆకారంలో కాండం తయారవుతుంది.

తర్వాత గ్రో లైట్ వస్తుంది. ఎరుపు, నీలం కలిపిన ఆ గులాబీ వెలుగులో రోజుకు 14 నుంచి 16 గంటలు మొక్కలు స్నానం చేస్తాయి. వాటితో పాటు పడకగది, దుప్పట్లు, అద్దంలో యజమాని మొహం కూడా. రాత్రి పదకొండింటికి ఆ కిటికీని వీధిలోంచి చూసినవాళ్లు లోపల ఏం వ్యాపారం జరుగుతోందని అనుకుంటారో రాయడం బాగుండదు. కరెంటు పోతే వెలుగు పోతుంది. పగటిపూట కరెంటు పోయినప్పుడు మాత్రం ఒక విచిత్రం జరుగుతుంది. కర్టెన్ సందులోంచి సూర్యుడు ఎవరూ పిలవకుండానే లోపలికి తొంగి చూస్తాడు. కర్టెన్ సర్ది పంపేస్తారు.

గాలి కూడా అంతే శాస్త్రీయంగా అందుతుంది. మొక్క కదులుతూ ఉంటే కాండం పొట్టిగా, లావుగా పెరుగుతుందన్నది పరీక్షించి తేల్చిన నిజం. రోజూ చేత్తో మెల్లగా నిమిరినా ఆ ఫలితమే వస్తుంది. కాబట్టి కిటికీ గట్టిగా మూసి, ట్రేకు ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడతారు.

"ఏమండీ, కిటికీ తీస్తే గాలి వస్తుంది కదా?"

"వస్తుందే. కానీ దాన్ని స్పీడు రెండులో పెట్టలేం."

ఇంతటి దూరదృష్టికి జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆవిడ కూడా చెప్పలేదు.

నీళ్ల విషయంలో మాత్రం ఇల్లంతా ఒక్కమాట మీద ఉంటుంది. ట్రే కళ్ల ముందు ఉంటుంది కాబట్టి అటుగా వెళ్లే ప్రతివాళ్లూ జాలిపడి కాస్త పోస్తారు. గాలి ఆడని గది, ఎప్పుడూ తడిసి ఉండే మట్టి, పైన ప్లాస్టిక్ మూత. పిథియం, రైజోక్టోనియా అనే తెగులు సూక్ష్మజీవులకు ఇంతకన్నా మంచి ఆతిథ్యం ఎక్కడా దొరకదు. సాయంత్రం నిటారుగా ఉన్న మొక్క పొద్దున్నకు పడిపోయి ఉంటుంది. మట్టికి ఆనుకున్న చోట కాండం నల్లబడి దారప్పోగంత సన్నమవుతుంది, పైన ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి. దీన్ని రైతులు నారుకుళ్లు తెగులు అంటారు, పై తడి ఆరాకే మళ్లీ నీళ్లు పెడతారు. మనం మాత్రం మొక్క వాడిపోయిందనుకుని ఇంకాస్త నీళ్లు పోస్తాం.

ఇన్ని గండాలు దాటి బతికిన మొక్కకు ఆఖరి పరీక్ష ఎండకు అలవాటు పడటం. వారం, పది రోజుల కార్యక్రమం ఇది. మొదటి రోజు గంటసేపు నీడలో, రెండో రోజు రెండు గంటలు, ఆ తర్వాత లేత ఎండలో. తొందరపడి ఒకేసారి నడి ఎండలో పెడితే ఆకులు తెల్లగా పాలిపోయి కాగితంలా ఎండిపోతాయి. ఈ మొక్క పూర్వీకులు దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల పక్కన, గ్రో లైటు కనిపెట్టడానికి వేల ఏళ్ల ముందు నుంచీ ఆరుబయటే పెరిగాయని గుర్తుచేసుకుంటే ఈ పరిచయ కార్యక్రమం మరింత గంభీరంగా అనిపిస్తుంది. ఆ వంశంలో పుట్టిన మొక్కకు సూర్యుణ్ని చూపించి, "భయపడకు, మంచివాడే" అని చెప్పగలిగే స్థాయికి మనం ఎదిగాం.

గిట్టనివాళ్లు ఇక్కడ ఒక మాట అంటారు. వెచ్చటి ప్రాంతంలో టమాటాకు శత్రువు చలి కాదు, రాబోయే ఎండాకాలం అని. పగలు 35 దాటుతూ, రాత్రి 24 కిందికి దిగకపోతే పుప్పొడి పనిచేయదు, పూత కాయ కట్టకుండా రాలిపోతుంది. రాత్రిళ్లు 15 నుంచి 20 మధ్య ఉంటే కాయ బాగా నిలుస్తుంది. కట్టిన కాయకు కూడా 30 దాటిన వేడిలో ఎరుపు సరిగా పట్టదు, పసుపు, నారింజ దగ్గరే ఆగిపోతుంది. అంటే మనం గులాబీ దీపం కింద నారును దాచి కాపాడుతున్న ఆ చలికాలమే నిజానికి అది బయట పూయాల్సిన కాలం. లెక్క మంచు నుంచి కాదు, ఎండాకాలం నుంచి వెనక్కి వేయాలి. నారుకు నాలుగైదు వారాలు, నాటాక మొదటి పండుకు రెండు, రెండున్నర నెలలు. అలా చూస్తే విత్తనం చలికాలం మొదలవకముందే మట్టిలో పడాలి. ఈ వాదన మొత్తం సరైనదే కాబట్టి దీనికి జవాబు ఇవ్వదలచుకోలేదు.

ఇంకో మాట కూడా అంటారు, అది మరీ ఇబ్బందికరమైనది. వెచ్చటి చోట లేత నారును నిజంగా కాపాడాల్సింది తెల్లదోమ నుంచి. అది ఆకుముడత వైరస్‌ను మోసుకొస్తుంది. నారు దశలో సోకితే మొక్క గిడసబారి కాపు దాదాపు ఉండదు. అందుకని నారుమడి మీద అంగుళానికి 40, 50 కన్నాలుండే సన్నటి నైలాన్ నెట్ కప్పి, అంచులు మట్టితో మూసి, మొక్కలను వెలుతురులోనే పెంచమంటారు. వాన జోరుగా ఉంటే పైన ఒక పారదర్శకమైన కప్పు. అంతే. ఈ పద్ధతికి ప్రచారం రాకపోవడానికి నాకు తోచిన కారణం ఒక్కటే, నెట్‌కు ప్లగ్ ఉండదు.

ఇక మిగిలింది పంపిణీ సమస్య. నాలుగు మొక్కలు కావాల్సిన ఇంట్లో, సగం మొలవవేమో అన్న భయంతో నలభై గింజలు వేస్తారు. టమాటా గింజ మంచి మనసుది, దాదాపు అన్నీ మొలుస్తాయి. ఒక్కో గుంతలో బలమైనదాన్ని ఉంచి మిగతావి కత్తెరతో తీసేయమని పుస్తకాలు చెబుతాయి. రోజుకు 16 గంటలు వెలుగు పోసి పెంచినవాడు కత్తెర ఎలా పడతాడు? కాబట్టి మిగతావన్నీ కాగితం కప్పుల్లో సర్దుకుని బంధువుల ఇళ్లకు బయలుదేరుతాయి. ఈ కాలంలో మీ గుమ్మం ముందు ఎవరైనా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నవ్వుతూ నిలబడితే సంగతి అర్థం చేసుకోండి.

కాదనకండి, తీసుకోండి. ఆ మొక్క పొడుగ్గా, పల్చగా, తెల్లగా ఉంటుంది. కంగారు పడక్కర్లేదు. కింది ఆకులు గిల్లేసి, పైన నాలుగు ఆకులు మాత్రం కనిపించేలా కాండాన్ని లోతుగా పాతండి. టమాటా కాండం మట్టిలో ఎంత మేర ఉంటే అంత మేరా వేళ్లు వేస్తుంది. సాయంత్రం పూట నాటి, మొదటి వారం మధ్యాహ్నం ఎండకు కాస్త అడ్డం పెట్టండి. ఎప్పుడైనా ఇచ్చినవాళ్లు ఫోన్ చేసి "మన మొక్క ఎలా ఉంది, ఏ లైటు వాడుతున్నారు?" అని అడిగితే, పెద్దదే వాడుతున్నామని చెప్పండి. ఎన్ని వాట్లో గుర్తులేదనండి.