సవరణ: పాత మియాటాలో ఆయిల్ కారడం గురించి

మడత టాప్ ఉన్న రెండు సీట్ల చిన్న కారు, మొదటి తరం మాజ్దా మియాటాకు ఇంట్లోనే చేసుకోదగిన చిన్న మరమ్మతుల గురించి ఇంతకు ముందు రాసినప్పుడు, ఇంజిన్ వెనుక భాగాన కనిపించే ఆయిల్ తడికి ఇంజిన్ పై మూత (వాల్వ్ కవర్) కింద ఆయిల్ కారకుండా ఉండే పట్టీ, అంటే గాస్కెట్టే కారణమని తేల్చి చెప్పాను. అది తొందరపాటు. గాస్కెట్ మార్చిన తరువాత కూడా నా కారులో తడి ఆగలేదు. ఇంజిన్ పై భాగమైన సిలిండర్ హెడ్ వెనుక, క్యామ్‌షాఫ్ట్ ఏ కోణంలో తిరుగుతోందో కంప్యూటర్‌కు చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దానిలోని రబ్బరు ఓ-రింగ్ ఏళ్ల వేడికి గట్టిపడిపోవడంతో, ఆయిల్ అక్కడి నుంచే కిందికి జారుతోంది. రింగ్ చవకే, పని మాత్రం చేయి దూరని ఇరుకులో.

అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి ఉంది. సెన్సర్‌ను తీసి ఎలాగోలా బిగించినా ఫర్వాలేదన్న నా మాటను దయచేసి పాటించవద్దు. దానిని తిప్పితే ఇగ్నిషన్ టైమింగ్, అంటే స్పార్క్ పడే క్షణం మారుతుంది కనుక, విప్పే ముందే దాని స్థానాన్ని గీత గీసి గుర్తు పెట్టుకోవాలి. బిగించాక ఇంజిన్‌ను వేడెక్కనిచ్చి, ఇంజిన్ గదిలోని డయాగ్నస్టిక్ (పరీక్ష) పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ అని రాసి ఉన్న పిన్నులను తీగతో కలిపి, యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిల్‌లో, స్పార్క్‌తో పాటు మెరిసే టైమింగ్ లైటుతో చూసినప్పుడు, క్రాంక్ పుల్లీ మీది గుర్తు టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానానికి) 10 డిగ్రీల ముందు ఉండాలి. తీగ కలపకపోతే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ టైమింగ్‌ను తానే మారుస్తూ ఉంటుంది. అప్పుడు కనిపించే అంకెను నమ్మలేము.

మడత టాప్ వెనుక వాన నీరు బయటికి పోయే గొట్టాలు పూడుకుపోతే ఇనుప తీగతో పొడవమని నేను అనడం కూడా సరికాదు. మెత్తని నైలాన్ తీగ చాలు.